వెనక మసక... ముందు మనవాళ్లు!

కువైట్‌లో కెమెరా లేని తెలుగు ఇల్లు ఉందంటారా? మా ఎగైలాలో గానీ, పక్కనున్న మహబూలా, మంగాఫ్, ఫాహీల్‌లలో గానీ ఏ ఫ్లాటు తలుపు తట్టినా అల్మరా పైఅరలో ఒక నల్ల సంచి, ఆ సంచిలో ఒక ఎస్ఎల్ఆర్ కెమెరా కనిపిస్తాయి. పాప పుట్టినప్పుడో, మొదటిసారి బోనస్ చేతికొచ్చినప్పుడో ముచ్చటపడి కొన్నది. డబ్బాలో వచ్చిన 18-55 జూమ్ లెన్సు దానికి అలాగే తగిలించి ఉంటుంది. "ఏమండీ, వాడటం లేదా?" అని అడిగితే జవాబు కూడా అన్ని ఇళ్లలోనూ ఒకటే. "ఇప్పుడు ఫోనే బాగా తీస్తోంది కదండీ!"

నిజమే, తీస్తోంది. పగటి వెలుగులో ఫోను తీసే ఫొటోకు వంక పెట్టనక్కర్లేదు. కానీ మన పండగలన్నీ ఎప్పుడు జరుగుతాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆఫీసు నుంచి అందరూ వచ్చాక సాయంత్రం, హాల్లో ట్యూబ్‌లైటు కింద. భోగిపళ్లు అప్పుడే, బొమ్మల కొలువు పేరంటం అప్పుడే, పుట్టినరోజు కేకూ అప్పుడే. పిల్లల కూచిపూడి అయితే ఏ స్కూలు ఆడిటోరియంలోనో ఎర్రలైటూ నీలంలైటూ కలగలిసిన స్టేజీ మీద. అక్కడ ఫోనూ తడబడుతుంది, డబ్బాలో వచ్చిన జూమూ తడబడుతుంది. ఫ్లాష్ వేస్తే పాప ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది.

దీనికి మందు ఉంది. అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న లెన్సు. దాన్నే ఫాస్ట్ ప్రైమ్ లెన్సు అంటారు.

శనగగింజ, పది రూపాయల నాణెం

ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్సు. 35 మిల్లీమీటర్లో, 50 మిల్లీమీటర్లో, 85 మిల్లీమీటర్లో... ఏదో ఒకటే ఫోకల్ లెంగ్త్. దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు ముందుకు వేయాలి. మరి ఫాస్ట్ అంటే? పరుగెత్తే లెన్సు కాదు లెండి. లోపల వెలుగు వెళ్లే కిటికీ, అంటే అపెర్చర్, బాగా పెద్దదిగా తెరుచుకుంటుంది. వెలుగు ఎక్కువ వస్తుంది కాబట్టి షట్టర్ త్వరగా మూసుకోవచ్చు. ఆ వేగమే ఈ ఫాస్ట్.

ఆ కిటికీ కొలతే ఎఫ్ నంబర్. ఇక్కడే పెద్దవాళ్లు తికమకపడతారు, నాలుగో తరగతి పిల్లలు చటుక్కున పట్టేస్తారు. ఎఫ్ బై 2 అంటే ఫోకల్ లెంగ్త్‌లో సగం వెడల్పు, ఎఫ్ బై 8 అంటే ఎనిమిదో వంతు. సగం పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా? కింద అంకె చిన్నదైతే కిటికీ పెద్దది, అంతే!

ఇప్పుడు లెక్క వేద్దాం. 18-55 జూమ్‌ను 55 దగ్గర పెడితే దాని కిటికీ ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. అంటే సుమారు 10 మిల్లీమీటర్లు, ఒక కాబూలీ శనగగింజంత. అదే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ప్రైమ్‌లో దాదాపు 28 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం వ్యాసం 27, కాబట్టి ఆ నాణెమంత అనుకోండి. దీనిలోంచి వచ్చే వెలుగు ఇంచుమించు పది రెట్లు ఎక్కువ. జూమ్‌తో సెకనులో 20వ వంతులో తీయాల్సిన ఫొటోను దీనితో 200వ వంతులో తీయొచ్చు. మొదటి దాంట్లో ఆడుతున్న పాప చెయ్యి పొగలా కనిపిస్తుంది, రెండో దాంట్లో చేతికున్న గాజులు కూడా లెక్కపెట్టొచ్చు.

వెలుగుతోపాటు ఇంకొకటి కూడా వస్తుంది. కిటికీ పెద్దదయ్యేకొద్దీ ఫోకస్ నిలిచే లోతు తగ్గిపోతుంది. ఆ లోతునే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. పాప ముఖం స్పష్టంగా ఉంటుంది, వెనక కుర్చీలో వేలాడుతున్న తువ్వాలూ సోఫా మీద రిమోట్లూ మెత్తని రంగుల్లో కరిగిపోతాయి. ఆ మసక అందానికి జపనీయులు పెట్టిన పేరు బొకే. మన సభల్లో ముఖ్య అతిథికిచ్చే పూల బొకే కాదు, పేరులో మాత్రం కవలపిల్లలు.

పిల్లలూ, మీరు ఒక పని చేయండి. బొటనవేలు కంటికి ఒక జానెడు దూరంలో పెట్టి, ఒక కన్ను మూసి, వేలినే చూడండి. గోడ మీది క్యాలెండరులో అంకెలు మసకబారుతాయి. ఇప్పుడు ఒక కాగితానికి గుండుసూదితో బెజ్జం పెట్టి, అందులోంచి అదే వేలిని, అదే క్యాలెండరును చూడండి. వెలుగు తగ్గుతుంది గానీ అంకెలు తేటపడతాయి! అద్దాలు పెట్టుకునే నాన్నగారిని అద్దాలు తీసి ఆ బెజ్జంలోంచి చూడమనండి, ఆశ్చర్యపోతారు. చిన్న బెజ్జం ఎఫ్ 22, పెద్ద కిటికీ ఎఫ్ 1.8. కెమెరాలో జరిగేదీ ఇదే.

ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా?

ఉంది. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో మొదలై ఇప్పుడు ఇంచుమించు అన్ని ఫోన్లలోకీ వచ్చేసింది. ఫోను లెన్సు మీద కూడా ఎఫ్ 1.8 అనే రాసి ఉంటుంది. కానీ దాని అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లే కాబట్టి, ఆ కిటికీ మిరియపు గింజంత. దానితో సహజంగా వచ్చే మసక చాలా తక్కువ. అందుకని ఏది ముందుంది, ఏది వెనకుంది అని ఫోను లెక్కగట్టి, వెనకున్నదాన్ని సాఫ్ట్‌వేరుతో మసక చేస్తుంది. సాఫ్ట్‌వేరుతోనే నా కూడు కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పోయినేటికీ ఈ ఏటికీ ఎంతో మెరుగుపడింది. అయినా మన ఆడపిల్లల అలంకారం దగ్గరకొచ్చేసరికి దాని ప్రోగ్రాము తెల్లముఖం వేస్తుంది. జడ పక్కనుంచి వేలాడే మల్లెపూల చెండు సగం స్పష్టం, సగం మాయం. కళ్లజోడు అంచు గోడలో కలిసిపోతుంది. ముంగురులు కత్తిరించినట్టుంటాయి. లెన్సుకు ఈ బాధ లేదు, అది ఏదీ ఊహించదు.

ఏది కొనాలి?

చాలామంది ఇచ్చే సలహా, "50 ఎఫ్ 1.8 కొను, చౌక" అని. కానన్‌లో 1990 నుంచి 2015 దాకా అమ్మిన ప్లాస్టిక్ 50 ఎంతమంది చేతుల్లో ఉండేదో! 2015లో దాని స్థానంలో ఎస్‌టీఎం మోడల్ వచ్చింది. మిర్రర్‌లెస్ కెమెరాలకు 2020లో ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 వచ్చింది. మంచి లెన్సులే. కానీ కొనేముందు మీ హాలు పొడవు కొలవండి అంటాను నేను.

మనలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి చిన్న సెన్సార్ కెమెరాలు, వాటినే ఏపీఎస్-సీ అంటారు. వాటి మీద 50 లెన్సు 75-80 లాగా పనిచేస్తుంది. నాలుగడుగుల పాపను నిలువునా ఫొటోలో పట్టించాలంటే మీరు కనీసం పదడుగులు వెనక్కి జరగాలి. సోఫా, డైనింగ్ టేబులు, సైకిలు, బియ్యం బస్తా అన్నీ పోగా మన ఫ్లాటు హాల్లో పదడుగుల ఖాళీ ఎవరికుంది? అదే 35 లెన్సు అయితే ఏడడుగులు చాలు. అందుకే ఏపీఎస్-సీ కెమెరాకు నా ఓటు 35 ఎఫ్ 1.8కే. నికాన్ వాళ్లు సరిగ్గా ఇలాంటి కెమెరాల కోసమే 2009లో 35 ఎఫ్ 1.8 డీఎక్స్ తెచ్చారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉంటే 50 హాయిగా సరిపోతుంది. స్టేజీ ముందు మూడో వరుసలో కూర్చుని కూచిపూడి తీయాలంటే 85 ఎఫ్ 1.8.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మంచిదే. శుక్రవారం మార్కెట్లోనో, ఊరెళ్లిపోతూ సామాను అమ్మేవాళ్ల దగ్గరో దొరుకుతూనే ఉంటాయి. రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, పాత నికాన్ డీ40, డీ60, డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత 50 ఎఫ్ 1.8 డీ లెన్సు వాటికి బిగుస్తుంది గానీ దానంతటది ఫోకస్ కాదు, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే కావాలి. రెండు, సెల్‌ఫోన్ టార్చి వెనకనుంచి వేసి లెన్సులోంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వద్దని చెప్పేయండి. విజయవాడలోనో కాకినాడలోనో బీరువాలో రెండు వానాకాలాలు గడిపిన లెన్సుకు ఇది మామూలు జబ్బు.

ఇకపోతే 1.8 కొనాలా, 1.4 కొనాలా, 1.2 కొనాలా? 1.8తో పోలిస్తే 1.2 ఇచ్చే వెలుగు రెండుంబావు రెట్లు. కానీ కానన్ ఆర్ఎఫ్‌లో ఆ రెండు 50 లెన్సుల ధరల్లో తేడా పదిరెట్ల పైమాటే. ఇంటికి డబ్బు పంపాల్సిన మనలాంటివాళ్లకు ఇంతకంటే వివరణ అక్కర్లేదనుకుంటా.

పెద్ద కిటికీ పిచ్చి ఎంతదాకా వెళ్లిందో తెలుసా? స్టాన్లీ కుబ్రిక్ 1975లో వచ్చిన 'బారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తుల వెలుగులోనే సన్నివేశాలు తీయాలని పట్టుబట్టి, నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.7 లెన్సులు సంపాదించాడు. వెలుగు సరిపోయింది గానీ ఫోకస్ లోతు ఎంత పలచబడిందంటే, నటులు కాస్త ముందుకు వంగినా మసకే. అందుకే ఆ సన్నివేశాల్లో అందరూ ఇంచుమించు కదలకుండా కూర్చుంటారు. మన బుడతలను అలా కూర్చోబెట్టగలమా!

ఆరు సెంటీమీటర్ల ప్రపంచం

లెన్సు వచ్చిన మొదటి వారం అందరూ ఎఫ్ 1.8 దగ్గరే ఉండిపోతారు. సహజం. కానీ ఆ లోతు ఎంతో తెలుసుకోవాలి. ఏపీఎస్-సీ కెమెరా, 50 లెన్సు, ఎఫ్ 1.8. పాప మీటరున్నర దూరంలో ఉంటే స్పష్టంగా ఉండే మందం ఆరు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక మీటరు దూరానికి వస్తే మూడు సెంటీమీటర్లే! ముక్కు కొన మీద ఫోకస్ పడితే కళ్లు మసకబారతాయి. అందుకే ఒంటరి ముఖానికి ఎప్పుడూ మనకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతుక్కుంటాయి. పాతవాటిలో ఫోకస్ చుక్కను మీరే కన్ను మీదికి జరపాలి. మధ్య చుక్కతో ఫోకస్ చేసి, తర్వాత కెమెరా పక్కకు తిప్పే అలవాటు జూమ్‌తో చెల్లింది గానీ ఇక్కడ చెల్లదు.

మహబూలాలో ఉండే ఒక మిత్రుడి ఇంట జరిగిన సంగతి. విజిట్ వీసా మీద వాళ్ల అమ్మగారు వచ్చారు, మనవడి మొదటి పుట్టినరోజుకు. కేకు ముందు బాబు, బాబు వెనక కుర్చీలో నాయనమ్మ. ఎఫ్ 1.8లో తీసిన ఫొటో, చిన్న తెరమీద చూసి అందరూ ఆహా అన్నారు. బాబు కనురెప్పల వెంట్రుకలతో సహా ఉన్నాడు. ఆవిడ మాత్రం ఒక నీలంరంగు చీర, ఒక తెల్లని తల, అంతే. ఆవిడ ఊరెళ్లిన ఏడాదికే పోయారు. మనవడితో కలిసి ఉన్న ఫొటో కావాలని వెతికితే ఆ రోజువి నలభై ఉన్నాయి, నలభైలోనూ అదే మసక.

కాబట్టి ఇద్దరు పిల్లలైతే ఎఫ్ 2.8, ఇద్దరి ముఖాలూ కెమెరాకు సమదూరంలో. పెద్దవాళ్లతో కుటుంబం ఫొటో అయితే ఎఫ్ 5.6 లేదా 8. మీరు వెనక్కి జరిగి మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే ఎఫ్ 5.6 దగ్గర ముప్పావు మీటరు పైచిలుకు లోతు దొరుకుతుంది, రెండు వరుసలకు సరిపోతుంది. వెలుగు చాలదంటారా? ఐఎస్ఓ 3200కు పెంచండి. కాస్త గరుకు కనిపిస్తుంది. గరుకును ఎవరూ పట్టించుకోరు, మసకను మాత్రం క్షమించరు.

భోగిపళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రేగిపళ్లు, చిల్లర, పూలరేకులు పాప తలమీంచి జారే ఆ క్షణం కోసం ఎఫ్ 2.2, సెకనులో 500వ వంతు, కెమెరా కంటిన్యువస్‌లో. ఇక్కడ కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా రకాల ట్యూబ్‌లైట్లూ ఎల్ఈడీలూ సెకనుకు వందసార్లు ఎక్కువ తక్కువలు అవుతుంటాయి. ఇంత వేగంలో ఒక ఫొటో పచ్చగా, ఇంకోటి చీకటిగా రావచ్చు. కంగారుపడకండి, కెమెరా పాడవలేదు. వరసగా పది తీస్తే రెండు మూడు చక్కగా వస్తాయి. ఇంకా మంచి ఉపాయం, పెద్దవాళ్లు ఒప్పుకుంటే వెలుగుండగానే కిటికీ పక్కన పీట వేయడం.

ఎగైలా ఎండ, ఎగైలా దుమ్ము

ఎగైలా బీచ్ మన విశాఖ తీరంలాగే తూర్పు ముఖం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో మునగడు. పొద్దున్నే వెళ్తే పిల్లల జుట్టు వెనకనుంచి బంగారంలా మెరుస్తుంది. సాయంత్రం వెళ్తే సముద్రాన్ని వీపు వైపు పెట్టి నిలబెట్టండి, పడమటి ఎండ ముఖం మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎఫ్ 1.8తో పని జరగదు. ఐఎస్ఓ 100 దగ్గర కూడా ఆ ఎండకు సెకనులో 8000వ వంతు వేగం కావాలి, చిన్న ఎస్ఎల్ఆర్‌లలో చాలావాటి హద్దు 4000. ఫొటో సున్నంలా తెల్లబోతుంది. నీడలోకి నడవండి, లేదా లెన్సుకు నల్లకళ్లజోడులాంటి ఎన్‌డీ ఫిల్టర్ తొడగండి.

2016 జూలై 21న మన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఇలాంటి దేశంలో కెమెరాను కారులో వదిలేసి గేట్ మాల్‌లోకి వెళ్లకండి. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో ఏసీ గదిలోంచి బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. ఇంట్లోనే జిప్ కవరులో పెట్టి మూసి, బయటికొచ్చాక అరగంట అలాగే ఉంచి తర్వాత తీయండి. దుమ్ము తుఫాను రోజున బయట లెన్సు మార్చే ఆలోచనే వద్దు. ఈ విషయంలో ఒకే ప్రైమ్‌తో తిరిగేవాడు అదృష్టవంతుడు.

ఇంకొక మాట. 2010 నవంబరులో కువైట్‌లో ఎస్ఎల్ఆర్ కెమెరాలను బహిరంగ స్థలాల్లో నిషేధించారని ఇక్కడి ఆంగ్ల దినపత్రిక ఒకటి రాసింది. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. కొద్దిరోజులకే అది సరిచూసుకోకుండా వేసిన వార్త అని ఆ పత్రికే విచారం తెలిపింది. అలాంటి నిషేధం లేదు. అంతమాత్రాన ఎక్కడపడితే అక్కడ కెమెరా ఎత్తకూడదు. చమురు కేంద్రాలు, సైనిక స్థలాలు, ప్రభుత్వ భవనాల జోలికి పోవద్దు. ఇతర కుటుంబాలను, ముఖ్యంగా మహిళలను, అడగకుండా తీయొద్దు. పార్కులో మన పిల్లల వెనక ఎవరో కూర్చుని ఉంటారు చూడండి, అక్కడ ఎఫ్ 1.8 అందం కోసమే కాదు, మర్యాద కోసం కూడా. వాళ్లు ఎవరో పోల్చుకోలేనంత మసకైపోతారు.

వెనక ఉన్నది కూడా మనదే

ఇంతా చెప్పి ఇప్పుడు తిరగేసి మాట్లాడుతున్నాననుకోకండి. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ ఫొటోలు ఎప్పుడైనా చూశారా? మనుషులు ఒక్కరే కాదు, వెనక షాండ్లియర్లు, తివాచీలు, కుర్చీల చెక్కడాలు అన్నీ కనిపిస్తాయి. ఆనాటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఈనాడు మనకు చెప్పేది ఆ వెనకున్నదే.

మన పిల్లలు ఇక్కడ పుట్టినా, ఇక్కడ పెరిగినా, ఈ ఊరు వాళ్లకు సొంతూరు కాదు. ఇఖామా ఉన్నన్నాళ్లే మన కాపురం. పన్నెండో తరగతి అవగానే హైదరాబాదో, అమెరికానో. తర్వాత ఎగైలా ఫ్లాటు తలుపు తట్టి "నేను ఇక్కడే పెరిగానండీ" అని లోపలికి రాలేరు. వాళ్లు పడుకున్న బంకు మంచం, ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలున్న తలుపు, అమ్మ కిటికీలో పెంచిన కరివేపాకు కుండీ, స్కూలు బస్సు ఆగే మూల... ఇవి ఎఫ్ 1.8లో ఉండవు. అందుకే నెలకొకసారి జూమ్ మళ్లీ తగిలించి, 18 దగ్గర పెట్టి, ఎఫ్ 8లో ఇల్లంతా తీయండి. సర్దకుండా, తువ్వాలు కుర్చీ మీద ఉండగానే.

అన్నట్టు, మీ ఇంటి ఆల్బంలో ఎప్పుడూ కనిపించని మనిషి ఒకరుంటారు, కెమెరా పట్టుకున్నవారు. ఎక్కువ ఇళ్లలో నాన్నగారు, కొన్ని ఇళ్లలో అమ్మ. పదేళ్లు దాటిన పిల్లలుంటే ఏ మోడ్‌లో ఎఫ్ 4, ఆటో ఐఎస్ఓ పెట్టి కెమెరా వాళ్ల చేతికివ్వండి. "కంటి మీద చుక్క పెట్టి సగం నొక్కు, బీప్ వచ్చాక పూర్తిగా నొక్కు" అని ఒక్కసారి చెబితే చాలు. పట్టీ మాత్రం మెడలో వేయించండి, నేల గ్రానైటు కదా!